రెండో వరస, పద్నాలుగో గొడుగు

సాయంత్రం ఆరింటికల్లా బీచి యజమాని నేరియోకి ఏదో ఒకటి చెప్పెయ్యాలి. వారం కిందటే ఫోన్ చేశాడు పాపం, నీళ్ళు నములుతూ. "చూడు నీవెస్, గొడుగు నీ పేరు మీదుంది. ముందు అడగాల్సింది నిన్నే. జూన్ రెండు సాయంత్రం ఆరు దాకా నీకోసం ఆపుతా. ఆ తరవాత లెయార్కో అడుగుతున్నాడు, అతనికిచ్చేస్తా. నన్ను మధ్యలోకి లాగొద్దమ్మా, మీ ఇద్దరూ నాకు ఒకటే" అన్నాడు.

ఒకటేనట! ఇరవైతొమ్మిదేళ్ళు కాపురం చేసిన మేమే ఒకటి కాకుండా పోయాం, వీడికి మాత్రం ఇంకా ఒకటే.

సముద్రపొడ్డున చెసెనాతికోలో నేరియో అద్దెకిచ్చే బీచి, రెండో వరస, పద్నాలుగో గొడుగు. మా ఊరు కార్పిలో ఎవర్నడిగినా చెబుతారు, ఆగస్టులో సముద్రానికి వెళ్ళేవాళ్ళకి గది ముఖ్యం కాదు, గొడుగు ముఖ్యం. గొడుగు కుదిరితే దాని వెనక వీధిలో ఏదో ఒక హోటల్లో మంచం దానంతటదే కుదురుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి తొమ్మిదో వరస ఇస్తారు, బట్టలు మార్చుకునే గదులకి ఆనుకుని. ముందు వరసల్లో ఎవరైనా చచ్చిపోతేనో మానేస్తేనో వెనకవాళ్ళు ఒక వరస ముందుకి జరుగుతారు. పెళ్ళైన ఏడు మేం తొమ్మిదో వరసలో కూచున్నాం. లెయార్కో కారు పెట్టడానికి చోటు దొరక్క వీధులన్నీ తిరుగుతుంటే, నేరియో వాళ్ళ నాన్న పుస్తకం తీసి నా పేరే రాసుకున్నాడు, నీవెస్ మలవాసి అని. అలా అది నాదైంది. తొమ్మిదిలోంచి రెండులోకి రావడానికి ఇరవైఆరేళ్ళు పట్టింది.

మొదటి వరసలో మాకు ఎడం పక్కగా ఒరియెట్టా గొడుగు. పార్మాలో పళ్ళ డాక్టరు భార్య. ఆ డాక్టరు పోయి నాలుగేళ్ళు. కిందటి అక్టోబరులో నా మొగుడు పెట్టె సర్దుకుని వెళ్ళింది ఆవిడింటికే. మార్చికల్లా కాయితాలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు నేను అవునంటే ఆగస్టులో రెండు వారాలు వాళ్ళిద్దర్నీ కళ్ళెదురుగా పెట్టుకుని కూచోవాలి. కాదంటే పద్నాలుగు లెయార్కో చేతికి పోతుంది. ఆవిడ గొడుగుండగా వాడికి ఇంకోటి ఎందుకూ అంటే, ఆడదాని గొడుగు కింద మకాం పెట్టడం నామోషీట. ఆడదాని ఇంట్లో మకాం పెట్టడానికి మాత్రం ఏ నామోషీ లేదు మహానుభావుడికి.

గొడుగు పోతే పోయింది, గుడ్డా కర్రా అంతే కదా. నా ఏడుపు మనుషుల కోసం. మాంతోవాలో మందుల షాపున్న ఎలీదే, సస్సువోలో అక్కచెల్లెళ్ళు, చుట్టుపక్కల నాలుగు గొడుగుల వాళ్ళు, మాతోపాటే వరస వరసా ముందుకి జరుగుతూ వచ్చినవాళ్ళు. ఏడాదిలో రెండు వారాలే చూస్తాం. కానీ నాకు పిల్లల్లేరన్న సంగతి మళ్ళీ ఎత్తకుండా ఇరవై ఏళ్ళు నాతో మాట్లాడింది వాళ్ళే. పదకొండింటికి పుచ్చకాయ, నాలుగింటికి పేక, ఆరింటికి గాలి మారగానే భుజాల మీద తలా ఓ చొక్కా. మా స్వెట్టర్ల కార్ఖానాలో పదకొండు నెలలు మిషను మీద వంగి కుట్టేదాన్ని ఆ రెండు వారాల కోసమే. వాళ్ళు కూడా పోతారనుకుంటే అక్టోబరు కంటే ఎక్కువ ఏడుపొచ్చింది నాకు. చెప్పుకోడానికి సిగ్గే గానీ నిజం.

పోనీ, ఇంకో చోటు చూసుకుంటా, సముద్రం వాళ్ళబ్బ సొత్తా అనుకున్నాను. సెలవు రోజు కదా అని పొద్దున్నే ఆరున్నరకి తాళం చెవులు పట్టుకుని కిందికి దిగితే, కారు పక్కన టోపీ పెట్టుకుని మా అత్తగారు నిలబడి ఉంది. మొగుడు వెళ్ళిపోయాడు గానీ అత్తగారు వెళ్ళలేదు. నా కింది అంతస్తులోనే ఉంటుంది, ఏటా ఆగస్టులో మాతోనే సముద్రానికి వచ్చేది. పేరు ఆర్జియా, ఎనభై ఒకటి నిండాయి. చేతిలో అన్నం డబ్బా.

"ఎక్కడికి అత్తయ్యా, ఇంత పొద్దున్నే?"

"నువ్వెక్కడికో నేనూ అక్కడికే."

"నేను ఆగస్టుకి కొత్త చోటు చూసుకోడానికి పోతున్నా."

"తెలుసు. నిన్న ఫోన్లో నీ అరుపులు కింద నాలుగిళ్ళకి వినిపించాయి. ఇసక గురించి నీకేం తెలుసని ఒక్కదానివే పోతావ్?"

"మీరు మీ అబ్బాయితో పోతారు కదా. నా ఇసకతో మీకేం పని?"

"తలుపు తియ్యి. ఎండెక్కుతోంది."

తీశాను. తియ్యక ఏం చేస్తాను. బొలోన్యా దాటే దాకా నేను గేరు మార్చినప్పుడల్లా ఆవిడ డబ్బా గట్టిగా పట్టుకుంటుంది, నా కోపమంతా గేరు మీదే పోతోంది మరి.

మొదట చెర్వియాలో ఆగాం. బీచి బాగానే ఉంది. అన్నీ నీలం గొడుగులు, ముగ్గుచుక్కల్లా తీరుగా. అత్తగారు చెప్పు విప్పి కాలితో ఇసక కెలికి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"ఇది ఇసకా? సిమెంటు. పంటి కిందికొస్తుంది."

"ఇసక తినడానికి వస్తామా మనం?"

"గాలేస్తే నోట్లోకి పోదూ? నువ్వెలాగూ మూసుకుని కూచునే రకం కాదు."

ఆ బీచి యజమాని కుర్రవాడు, మర్యాదస్తుడు. వెనక వరసలో చోటుందన్నాడు. "ఎంతమందమ్మా? మీ వారూ వస్తారా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా ఒళ్ళు మండిపోయింది. గొడుగుకీ గొడుగుకీ మధ్య ఎడం లేదని, పక్కవాడి కాలు నా మొహం మీదుంటుందని ఏదేదో వంక పెట్టి గిర్రున వెనక్కి తిరిగాను. ఎడం బ్రహ్మాండంగా ఉంది. కారెక్కి తలుపు ధడాలున వేశాను. అత్తగారు తీరిగ్గా కాలికంటిన ఇసక దులుపుకుంటుంటే ఇంకా ఒళ్ళు మండింది.

అక్కణ్ణించి తీరం వెంబడి కిందికి వస్తుంటే ఆవిడ ఫోన్ మోగింది. చెవుడని దాన్ని ఎంత గట్టిగా పెట్టుకుంటుందంటే, అవతలివాడు కార్లో వెనక సీట్లో కూచుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"అమ్మా, ఎక్కడున్నావ్?" లెయార్కో.

"డాక్టరు దగ్గర."

"ఇవాళ సెలవు కదే!"

"జబ్బుకి సెలవేంట్రా? చెప్పు."

"హోటల్లో నీకు గది చెప్పేశాం. మా పక్క గదే. ఒరియెట్టా నీకోసం మెత్తటి దిండు కూడా కొంది. ఆ నీవెస్ ఏం చేస్తుందట? సాయంత్రం లోపు తేల్చి చావమను, నేరియో నా ప్రాణం తీస్తున్నాడు."

"నాకేం తెలుసురా? అది నాతో మాట్లాడ్డం మానేసి నెలైంది." ఈ మాటంటూ నా వైపు చూసి కన్ను కొట్టింది. ఎనభై ఒకటి!

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మెత్తటి దిండట. ఇరవైతొమ్మిదేళ్ళు ఈవిడ తలకింద ఏముందో ఒక్కనాడైనా అడిగాడా వాడు?

"దిండు కూడా రెడీగా ఉందిగా. ఇంకేం, వెళ్ళండి" అన్నాను.

"వెళ్ళనని అన్నానా?"

"వెళతానని మాత్రం అన్నారా? నెల్నించి చూస్తున్నా, అటో ఇటో చెప్పరు."

"నువ్వు చెప్పావేంటి నేరియోకి?" అంది. నేను గేరు మార్చాను.

చెసెనాతికో బోర్డు కనిపించింది. కుడి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. వెనకవాడు హారను కొట్టాడు. వంతెన దాటితే ఆ వీధి, ఆ వీధి చివర నేరియో. ఎలీదే ఆగస్టు దాకా రాదు, అయినా సరే, ఉత్త కర్రలు చూసొచ్చినా చాలనిపించింది. అత్తగారు తిప్పమంటుందని చూశాను. ఇరవైతొమ్మిదేళ్ళలో ఆవిడ ఆ మలుపు దగ్గర తిప్పమనకపోవడం అదే మొదటిసారి. కిటికీ లోంచి అటు పక్కకి చూస్తూ కూచుంది. నేను తిప్పలేదు.

తరవాత బెల్లారియా. అక్కడ జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. బీచి యజమాని ఎవరితోనో మాట్లాడుతున్నాడు, రెండు నిమిషాలు చూడండమ్మా అన్నాడు. సరేనని తువ్వాలు భుజాన వేసుకుని ఇసకలోకి దిగాను. కారులో ఉడికిపోయి ఉన్నాను, ఏ ఆలోచనా లేదు. కాళ్ళకి మాత్రం దారి తెలుసు. పలకల బాట మీద సముద్రం వైపు పోయాయి, రెండో వరస దగ్గర ఎడమ వైపు తిరిగాయి, లెక్కపెట్టుకుంటూ పోయి పద్నాలుగో దాని దగ్గర ఆగాయి. తువ్వాలు పరిచి, చెప్పులు కర్ర మొదట్లో పెట్టి, పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు మొత్తం మీద ప్రాణం కాస్త నెమ్మదించింది అప్పుడే.

"క్షమించాలి" అని ఎవరో అన్నారు.

కళ్ళు తెరిస్తే ఒకావిడ, వెనక మొగుడు, ఇద్దరు పిల్లలు, గాలి నింపిన మొసలి. ఆవిడ మొహంలో కోపం కంటే దిగ్భ్రమ ఎక్కువుంది. తన వంటింట్లో పరాయిది పోపు పెడుతుంటే చూసినట్టు చూస్తోంది.

"ఇది మా గొడుగండీ."

"కాదు, ఇది నా..." అని ఆగిపోయాను.

"పద్దెనిమిదేళ్ళుగా మాది. మా మామగారు ఏడో వరసలో మొదలెట్టారు" అంది. ఆ మాటలు ఎంత గర్వంగా అందో నాకు తెలుసు. నేనూ అంతే గర్వంగా అనేదాన్ని, ఎవడైనా తెలీక మా కుర్చీ మీద సంచి పెడితే. నేరియోని పిలిపించేదాన్ని కూడా. చుట్టుపక్కల గొడుగుల కింద పత్రికలన్నీ కిందికి దిగాయి. తువ్వాలు లాక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని, కాళ్ళు కాలుతున్నా పరిగెత్తుకుంటూ బయటపడ్డాను. అత్తగారు పలకల బాట మీద పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"నవ్వండి, నవ్వండి. మీకేం."

"రెండో వరసలోకే పోయావే పిల్లా! మొదటి వరసలో కూచోవాల్సింది, ఎలాగూ తిట్లు తినేదానివి."

బెల్లారియా యజమాని మమ్మల్ని తొమ్మిదో వరసలోకి తీసుకెళ్ళి చూపించాడు. గదుల గోడ, దాని మీద ఆరేసిన తడిబట్టలు, ఎదురుగా ఎనిమిది వరసల గొడుగుల వీపులు. సముద్రం ఎక్కడుందో అడగాలి. నాకిప్పుడు యాభైనాలుగు. మళ్ళీ తొమ్మిదిలోంచి మొదలెడితే రెండో వరసకి వచ్చేటప్పటికి ఎనభై. అప్పుడు నన్ను చేతుల మీద మోసుకొచ్చి పడుకోబెట్టాలి. ఆలోచించుకుంటామని చెప్పి బయటపడ్డాం. కారులోనే అన్నం తిన్నాం. చల్లారిన అన్నంలో ఆలివులు, గుడ్డు ముక్కలు కలిపి తెచ్చింది.

రిమినిలో రెండు చోట్ల ఆగాం. ఒకచోట పాటల మోత, ఇంకోచోట అన్నీ కుర్ర జంటలే. రిచ్చోనేలో కారు దిగనే లేదు, చోటు దొరకలేదు. నేను అప్పటికి కాలుగాలిన పిల్లిలా ఉన్నాను. ఏ చోట నిలబడినా ఇంకో చోట బాగుంటుందేమో అనిపిస్తుంది. అక్కడికి పోతే ఇందాకటి దానికేం తక్కువైందనిపిస్తుంది. నాలుగున్నరకి కత్తోలికా చేరాం. ఇంక దాని తరవాత కొండే, పోవడానికి తీరం లేదు.

అక్కడ బీచి ఒక ఆడమనిషిది. బ్రునిల్దె అని, అరవై దాటి ఉంటాయి. నిక్కరేసుకుని గదుల తలుపులకి పచ్చరంగు వేస్తోంది. "వెనక వరసలో ఒకటుంది. మీ ఇష్టం వచ్చినంతసేపు కూచుని చూడండి, నేను రంగు ఆరేలోపు ఇంకో తలుపు చేసుకుంటా" అంది. మరి ఉండడానికి గది ఎలా అంటే, రోడ్డవతల మా చెల్లెలిది హోటలుంది, రైలు పట్టాల వైపు గది ఉంటుంది, చెవిలో దూది పెట్టుకోవాలి అంది. ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఆ ఎనిమిదో వరసలో కూచున్నాం, కుర్చీ అంచు మీద నేను, కుర్చీ మధ్యలో అత్తగారు. ఇక్కడ ఎనిమిదే వరసలు, అదొక్కటే మేలు. కూచోలేకపోయాను. లేచాను. మళ్ళీ కూచున్నాను. అయిదూ ఇరవై అయింది.

"అత్తయ్యా, నేను నిర్ణయించేసుకున్నా" అన్నాను.

"ఏమని?"

"పద్నాలుగు నాదే. వదలను. ఎందుకు వదలాలి? తప్పు చేసింది నేనా? వాళ్ళే సిగ్గుతో చావాలి. నా చుట్టూ నా మనుషులుంటారు. ఎలీదే ఉంటుంది, సస్సువోలో వాళ్ళుంటారు. ఆవిడతో ఒక్కరూ పలకరు, చూస్తుండండి. ఎలీదే నోరు మీకు తెలుసు కదా, ఈ సంగతి తెలిస్తే ఊరుకుంటుందా, వాణ్ణి సముద్రంలో ముంచి తీయదూ!" చెబుతుంటేనే నాకు హుషారొచ్చింది. పొద్దుట్నించీ ఈ ఒక్క ఆలోచన రాక ఇన్ని ఊళ్ళు తిరిగానే అనుకున్నాను. ఫోన్ తీసి నేరియో నంబరు వెతికాను.

అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే.

"వద్దు. చెయ్యకు."

"అదేంటి? పొద్దుట్నించీ ప్రతి ఇసకకీ వంక పెట్టింది మీరే కదా. నేను వెనక్కి పోవాలనే కదా ఇదంతా?"

"పోవాలనే వచ్చా. నిజమే. నువ్వు అక్కడుంటే నాకూ బాగుంటుందని. పొద్దున కారెక్కేటప్పుడు అదే ఉంది మనసులో. కానీ ఎలీదే నిన్ను కాస్తుందని నువ్వంటుంటే వింటూ కూచోలేను నేను." చెయ్యి వదల్లేదు. "ఎలీదేకి తెలుసే, నీవెస్."

"ఏం తెలుసు?"

"అంతా. కిందటి ఆగస్టులోనే. ఎలీదేకీ తెలుసు, అక్కచెల్లెళ్ళకీ తెలుసు, నేరియోకీ తెలుసు. వరస వరసంతా తెలుసు."

ఆవిడే చెప్పుకుంటూ పోయింది, సముద్రం వైపు చూస్తూ. మొదటి వారంలోనే ఆవిడ కంటపడిందట, ఒరియెట్టా గొడుగు కర్ర బిగించడానికి లెయార్కో వెళ్ళి అరగంట దాకా రాకపోవడం. "ఎండ జరిగిందే అని నా మడత కుర్చీ తెచ్చి నీ ముందర వేసుకునేదాన్ని. నువ్వు తలెత్తితే నా టోపీ తప్ప ఇంకేం కనపడకుండా. రెండు వారాలు అలాగే కూచున్నా, నడుం పడిపోయింది. నాలుగింటికి వాళ్ళిద్దరూ నడకకి పోయేవాళ్ళు. ఆ వేళకి ఎలీదే నిన్ను పేకకి పిలిచేది. సముద్రానికి వీపు పెట్టి కూచోబెట్టేది."

"కిందటేడు రోజూ నేనే గెలిచాను" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, నోటికి అదే వచ్చింది.

"గెలిపించేవాళ్ళు" అంది అత్తగారు.

పద్నాలుగు రోజులు. ఎలీదేకి ఫోన్ చేసి మరీ చెప్పాను కదా నేను, ఈ ఏడు నా చెయ్యి భలే తిరిగిందే అని. అది నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు అర్థమైంది నాకు.

"మీరు నాతో ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. పక్క గొడుగువాళ్ళు చూశారు, చూడనీ అనుకున్నాను. "ఇరవైతొమ్మిదేళ్ళు మీకు కాఫీ ఇచ్చి, కాళ్ళకి నూనె రాసి, ఆపరేషనుకి ఆస్పత్రిలో కింద పడుకుని... కొడుకుని కాపాడుకున్నారు!"

"వాణ్ణి కాదే. వాడి మొహం, వాణ్ణేం కాపాడతాను!" ఆవిడ కాలితో ఇసక కెలికింది. "పార్మా ఎంత దూరం, మంచు కురిసేసరికి మర్చిపోతాడ్లే అనుకున్నా. నీకు తెలిస్తే నువ్వు ఊరుకోవు. నువ్వు వాణ్ణి వదిలేస్తే నాకు నువ్వుండవు. నాకోసం దాచా. నా భయం కోసం దాచా. ఎలీదే వాళ్ళని నోరు మూసుకోమన్నదీ నేనే. తిట్టు, నీకు ఎంత తోస్తే అంత తిట్టు."

తిట్టలేదు. లేచి నీళ్ళ వైపు నడిచాను. మొదటి వరస దాటి, తడి ఇసక మీద కొండ దాకా పోయి, వెనక్కి తిరిగి రేవు దాకా వచ్చి, మళ్ళీ కొండ దాకా పోయాను. అందరూ తెలిసి కూడా నాకు పుచ్చకాయ కోసి ఇచ్చారు. నా ముక్క పెద్దదిగా కోశారు కూడా, అదీ గుర్తొచ్చింది. ప్రేమే, కాదనను. కానీ అలాంటి ప్రేమ మధ్యలో ఇంకో ఆగస్టు కూచోలేను నేను. ఎవరెవరు ఎప్పుడు నా ముందు కుర్చీ జరుపుతారో కనిపెట్టుకుంటూ కూచోవాలి. పొద్దుట్నించీ ఊరూరా తిరిగింది ఏదో పోగొట్టుకుంటున్నానని. అది కిందటేడే పోయింది, నాకే తెలీలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నీళ్ళలో ఆడుకుంటున్న పిల్లలు నా వైపు చూసి పక్కకి జరిగారు.

ఆరుకి నాలుగు నిమిషాలుందనగా నేరియోకి చేశాను.

"ఇచ్చెయ్యి" అన్నాను.

"ఎవరికి?"

"అడిగినవాడికి."

"బాగా ఆలోచించుకున్నావా నీవెస్? ఇరవైతొమ్మిదేళ్ళ చోటు."

"నువ్వు కిందటేడు నాతో ఒక్క మాట చెప్పాల్సింది నేరియో" అన్నాను. అటుపక్క పుస్తకం మూసిన చప్పుడైంది. "అవును" అన్నాడు. వాడొక్కడే ఆ మాటన్నాడు, దానికి సంతోషమే.

తిరిగి వచ్చేటప్పటికి అత్తగారు ఫోన్లో ఉంది. లెయార్కో గొంతు అయిదో వరస దాకా వినిపిస్తోంది. "అమ్మా, పద్నాలుగు మనదే! ఇప్పుడే చేశాడు నేరియో!"

"నీదిరా. నాది కాదు."

"అంటే?"

"నేను రావట్లేదు. ఆ దిండు ఆవిణ్ణే పెట్టుకోమను."

"ఏంటమ్మా ఇది, అసలెక్కడున్నావ్ నువ్వు?"

"కత్తోలికాలో. నీవెస్ తెచ్చింది. కిందటేడు సంగతంతా చెప్పేశాను."

"నాతో రాకపోతే మరి ఆగస్టులో ఎక్కడుంటావే?" అన్నాడు, మెల్లగా.

"తెలీదురా. అడగలేదింకా" అంది. నేను వెనకే ఉన్నానని ఆవిడకి తెలీదు. ఫోన్ సంచిలో పెట్టుకుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. జుట్టు పల్చబడి మాడు కనిపిస్తోంది. ఇంత చిన్న మనిషి అంత సముద్రాన్ని రెండు వారాలు నాకు కనపడకుండా ఎలా మూసిందో అనిపించింది. కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బ్రునిల్దె చేతులకి అంటిన పచ్చరంగు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, చెవి మీంచి పెన్సిలు తీసింది. "ఏమంటారు? తీసుకుంటున్నారా?"

"తీసుకుంటున్నా. నీవెస్ మలవాసి అని రాసుకో."

రాసుకుంది. "పడక్కుర్చీ ఒకటా, రెండా?"

అత్తగారు తలెత్తలేదు. టోపీ అంచు సరిచేసుకుంటోంది, సరిగ్గానే ఉన్నదాన్ని. నేను వెంటనే చెప్పలేదు. కాసేపు ఆవిణ్ణి అలా కూచోనిచ్చాను, అంత మంచిదాన్నేం కాదు నేను.

"రెండు" అన్నాను. "రెండోది నా పక్కన వెయ్యి. నా ముందర మాత్రం వెయ్యొద్దు."